ఎగిరే హాలుకు వెళ్లొచ్చిన పులిహోర

కార్తీక మాసంలో ఉసిరి చెట్టు కింద కూర్చొని అన్నం తినడం కన్నా, పట్నంలో నాలుగు గోడల మధ్య రబ్బరు గుడ్డ మీద ఎగరడంలోనే ఎక్కువ పుణ్యం ఉంది. ఈ మాట నేను తొందరపడి అనడం లేదు. తెల్లవారి స్నానం చేసి, తులసమ్మకు దీపం పెట్టి, బాగా ఆలోచించి అంటున్నాను.

మీరే చెప్పండి. దేవుడు పైన ఉన్నాడని మనమంతా నమ్ముతాం కదా? చెట్టు కింద కూర్చుంటే ఆయనకూ మనకూ మధ్య దూరం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. పైగా కొమ్మలు అడ్డం! అదే ట్రాంపొలిన్ మీద ఎగిరితే, ఎగిరినప్పుడల్లా నాలుగడుగులు ఆయనకు దగ్గరవుతాం. మళ్లీ కింద పడతామనుకోండి. సంసారులం, పడక తప్పుతుందా?

తెలియని వారి కోసం చెబుతాను. ట్రాంపొలిన్ అంటే ఇనుప చట్రానికి స్ప్రింగులతో లాగి బిగించిన గుడ్డ. మన ఇళ్లలో పిల్లలు నులక మంచం మీద ఎగిరితే చెవి మెలిపెట్టి దింపుతాం. పట్నంలో అదే పనికి టికెట్టు పెట్టి, ఏసీ పెట్టి, పాటలు పెట్టి, దానికి పార్కు అని పేరు పెట్టారు. పార్కన్నారు కాబట్టి చెట్లుంటాయేమో అని వెతకకండి. ఒక్కటీ ఉండదు. ఆకులు ఊడ్చే బాధ లేదు!

మా కామారెడ్డిలో సద్భావన సోషల్ క్లబ్బు అని ఒకటుంది. దాని సభ్యులు ఏటా కార్తీకంలో ఇంటిల్లిపాదీ బయలుదేరి, నాగిరెడ్డిపేట దాటి పోచారం కట్ట కింద ఒక ఉసిరి చెట్టు చూసుకుని వనభోజనం చేసేవారు. ఎంత అవస్థో ఊహించండి. పొయ్యి పొగ కళ్లలోకి, చీమలు విస్తట్లోకి. అలుగు నీళ్ల చప్పుడుకు సెల్‌ఫోన్ మోగినా వినపడదు. పని లేక ఒకరి ముఖం ఒకరు చూసుకుని మాట్లాడుకోవాల్సి వచ్చేది. చదువుకున్నవాళ్లు చేయదగిన పనేనా అది?

ఆ వనభోజనానికి ఒక పద్ధతి కూడా ఉంది. ఆ ఏడు క్లబ్బులో కొత్తగా చేరినవాళ్ల ఇంటి నుంచి పెద్ద గంజు నిండా పులిహోర రావాలి. కొబ్బరికాయ కొట్టగానే కొత్త సభ్యుడు వరుసలో అందరి విస్తట్లో తన చేత్తో తొలిముద్ద పెట్టాలి. ఆ ముద్ద అందరూ తిన్నాకే అతను పూర్తి సభ్యుడు. చందా కట్టినా, ఫొటో దిగినా, ముద్ద పడేదాకా సగం సభ్యుడే.

ఈ ఏడు కొత్త సభ్యుడు ఏసయ్య. తపాలా శాఖలో గుమాస్తా. చాలాకాలం ఎల్లారెడ్డిలో పనిచేసి ఇక్కడికి బదిలీ అయ్యాడు. మంచి మనిషి. చర్చికి క్రమం తప్పడు, మాట తూలడు.

ఏసయ్య పేరు ఖాయమైన వారానికే మా అధ్యక్షుడు హనుమాండ్లుకు వనభోజనం పాతబడిందని తట్టింది. హనుమాండ్లుది ఎరువుల దుకాణం. దుకాణంలో యూరియా బస్తా మీద చెయ్యి వేసి, కొత్త రాష్ట్రం వచ్చింది, ఇంకా పాత చెట్టేనా అని సభ్యులను నిలదీశాడు. హైదరాబాదులో కొత్తగా ఎగిరే హాలు తెరిచారని, ఈసారి రెండో శనివారం అందరం అక్కడికే అని తేల్చాడు. అక్కడ బయటి తిండి లోపలికి రానివ్వరని చదివి వినిపించినప్పుడు మాత్రం ఆయన గొంతు మహా హుషారుగా ఉందని కొందరు గిట్టనివాళ్లు అంటారు.

ఈ గిట్టనివాళ్లే ఏసయ్యనూ ఎగిరే హాలునూ ముడిపెట్టారు. నేను ముడిపెట్టను. మూడేళ్ల కింద ప్రేమ్‌సింగ్ చేరినప్పుడు కూడా ఇట్లాగే మాట్లాడారు. ప్రేమ్‌సింగ్ తండా నుంచి వచ్చి అటవీ శాఖలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆయన చేరిన ఏడే క్లబ్బుకు క్యాటరింగు మీద మోజు పుట్టింది. చేతులకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకున్న కుర్రాళ్లు వచ్చి వడ్డించిపోయారు. ప్రేమ్‌సింగ్ గంజు ఇంట్లోనే ఉండిపోయింది. అంటే ఏమిటి? కొత్త మనిషి చేరినప్పుడల్లా మా క్లబ్బు ఒక మెట్టు నాగరికం అవుతోందన్నమాట! సంతోషించాల్సింది పోయి ముడిపెట్టడమేమిటి?

ఏసయ్య భార్య మరియకు ఈ నాగరికత సంగతి ఆలస్యంగా తెలిసింది. తెలిసినా ఆమె అటక మీది నుంచి దింపిన గంజును మళ్లీ అటకెక్కించలేదు.

అక్కడ తిండి లోపలికి రానివ్వరట అని ఏసయ్య రెండుసార్లు చెప్పాడు. మూడోసారి చెప్పబోతే ఆమె బియ్యం చెరుగుతూనే అంది.

"రానియ్యకపోతే బస్సుల ఉంటది. గంజుకేమన్న ఎగరాల్నని ఉన్నదా?"

ఆమె పట్టుదలకు కారణం ఉంది. ఏసయ్య ఎల్లారెడ్డిలో కొత్తగా ఉద్యోగంలో ఉన్నప్పుడు కార్తీకంలో పోచారం దారిన సైకిలు మీద పోతుంటే, చెట్ల కింద వరుసలు కనిపించేవి. తెలిసినవాళ్లు ఎవరో ఒకరు పిలిచేవారు, తిని పొమ్మని. పిలిచి, విస్తరి మాత్రం కొంచెం ఎడంగా, చెట్టు నీడ అయిపోయే చోట వేసేవారు. ఏసయ్య ఆకలిగా లేదని చెప్పి సైకిలెక్కేవాడు. ఈ మాట పెళ్లయిన కొత్తలో మరియతో ఒక్కసారి చెప్పాడు. మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. ఆయన మరిచిపోయాడేమో గానీ ఆమె మరిచిపోలేదు. ఆ నీడలో, ఆ వరుసలో, తన మొగుడు నడుం వంచి వడ్డిస్తుంటే చూడాలి. ఆమెకు కావాల్సింది అదొక్కటే.

శనివారం కోడి కూయకముందే లేచి, ఇల్లు కడిగి, గంజు తోమి చింతపండు పిసికింది. వాళ్లింట్లో పులిహోర అంటే ఎల్లిగడ్డ పోపు పడాల్సిందే. అది లేకపోతే ఏసయ్యకు ముద్ద దిగదు. ఎల్లిగడ్డలు చేతిలోకి తీసుకుని, కాసేపు ఆలోచించి, మళ్లీ బుట్టలో వేసింది. కార్తీకంలో క్లబ్బువాళ్లు చాలామంది ఎల్లిగడ్డ, ఉల్లిగడ్డ ముట్టరు. పనసపండు రంగులో నిగనిగలాడుతున్న పులిహోర మీద తెల్లని బట్ట కప్పి, మోదుగాకు విస్తర్లు కట్ట కట్టి, బస్సులో వెనక సీటు కింద పెట్టింది.

క్లబ్బు కార్యదర్శి రాజయ్య బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. ఆయన ఒక ప్లాస్టిక్ బకెట్లో తడిమట్టి పోసి, అందులో ఉసిరి కొమ్మ గుచ్చి తెచ్చాడు. సంచిలో కొబ్బరికాయ. కార్తీకం కదా, ఎక్కడ తిన్నా ఉసిరి నీడ ఉండాలని ఆయన ఆరాటం. బస్సు గుంతల్లో ఎగిరినప్పుడల్లా ఉసిరికాయలు ఒక్కొక్కటే రాలి, వెనక సీట్లో మరియ పక్కన కూర్చున్న హనుమాండ్లు తల్లి దుర్గవ్వ ఒళ్లో పడ్డాయి. దుర్గవ్వకు డెబ్బై దాటాయి. నెల్లాళ్లూ దీపాలు, స్నానాలు, నియమాలు. కొడుకు అక్కడ అన్నీ దొరుకుతాయని చెప్పడంతో ఆమె రెండు అరటిపండ్లు తిని బయలుదేరింది.

ఎగిరే హాలు వాకిట్లో కాపలాదారు గంజును చూసి అడ్డుపడ్డాడు. బయటి తిండి వద్దన్నాడు. మరియ గంజును వెనక్కి బస్సు దాకా మోసి సీటు కింద పెట్టింది. ఉసిరి కొమ్మ దగ్గర మాత్రం అతను తికమకపడ్డాడు. బోర్డు మీద ఎన్నో వద్దని రాసి ఉంది గానీ చెట్టు వద్దని ఎక్కడా రాసి లేదు. కొమ్మ లోపలికి పోయింది. కొబ్బరికాయ తిండి కాదు, పూజ సామాను అని రాజయ్య పాఠం చెప్పినట్టు చెప్పి దాన్నీ దాటించాడు.

లోపల అందరికీ అడుగున రబ్బరు చుక్కలున్న మేజోళ్లు ఇచ్చారు. మనవాళ్లు చెప్పులు విప్పి, మేజోళ్లు తొడిగి, ఆ గుడ్డను వేళ్లతో తాకి కళ్లకద్దుకుని మరీ ఎక్కారు. అక్కడి సిబ్బంది అట్లాంటి దృశ్యం ఎన్నడూ చూసి ఉండరు. కాలు మోపే చోటుకు ముందు దండం పెట్టాలని మనకు ఎవరు నేర్పారో గానీ, రబ్బరుకైనా సరే, మానలేం.

మొదలుపెట్టే ముందు కొబ్బరికాయ కొట్టాలి కదా? రాజయ్య రాయి కోసం హాలంతా వెతికాడు. గోడలకు స్పాంజి, స్తంభాలకు స్పాంజి, నేలంతా మెత్త! గట్టిది అనేది ఆ భవనంలోనే లేదు. చివరికి ధైర్యం చేసి ట్రాంపొలిన్ అంచున బలంగా కొట్టాడు. కాయ పగలలేదు. అంతే వేగంతో లేచి ఆయన నుదుటి పక్క నుంచి వెనక్కి పోయింది.

"సారూ, కాయ మనకన్న మంచిగ ఎగురుతున్నది" అన్నాడు ప్రేమ్‌సింగ్, దాన్ని పట్టుకుని తెచ్చిస్తూ.

రాజయ్య దాన్ని సంచిలో వేసుకున్నాడు. శాస్త్రం సగంలోనే ఆగిపోయింది.

ఆ హాలులో నాకు అన్నిటికన్నా నచ్చింది అక్కడి నియమం. నేలంతా గడులు గడులుగా ఉంటుంది. ఒక గడిలో ఒక్కరే ఎగరాలి. పక్క గడిలోకి కాలు పెడితే ఈల వేస్తారు. ఎంత శుభ్రమైన ఏర్పాటు! ఎవరి గడి వాళ్లది, ఎవరి ఎగురుడు వాళ్లది, ఒకరి నీడ ఒకరి మీద పడదు. మన పెద్దలు ఇదే పనికి ఎన్ని తరాలు శ్రమపడ్డారు! ఈల ఉంటే సరిపోయేదని వాళ్లకు తట్టలేదు.

అయితే అంత మంచి హాలులోనూ ఒక లోపం ఉంది. ఒక మూల పెద్ద గుంత తీసి, దాన్నిండా స్పాంజి ముక్కలు పోశారు. ఎగిరి అందులో పడాలట. అక్కడ గడులు లేవు. పడ్డవాళ్లంతా ఒకే గుంతలో, ఒకరి మీద ఒకరు! హనుమాండ్లు పట్టు పంచెను గోచీ బిగించి, అందరికన్నా ఎత్తుగా ఎగిరి, అందరికన్నా లోతుగా పడ్డాడు. బరువైన మనిషి. పైకి రావాలని కాళ్లాడించిన కొద్దీ కిందికి పోయాడు. కాసేపటికి స్పాంజి మీద ఆయన చెయ్యి ఒక్కటే మిగిలింది.

గట్టు మీద బోర్లా పడుకుని ఆ చేతిని అందుకున్నది ఏసయ్య. కింద నుంచి, తనను పట్టుకున్న చెయ్యి ఎవరిదని హనుమాండ్లు అడిగినట్టు ఎవరూ వినలేదు. ఆయన దాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడని మాత్రం అందరూ చూశారు.

చీరలు కట్టుకున్నవాళ్లను ఎగరనివ్వరు కాబట్టి మరియ, దుర్గవ్వ అద్దం ఇవతల ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. దుర్గవ్వ చాలాసేపు రెప్ప వాల్చకుండా కొడుకును చూసింది.

"ఏం పాపం చేసిండ్రు బిడ్డా, గిట్ల పడుతుండ్రు?" అంది చివరికి.

"పాపం కాదవ్వ, సంబురానికి" అంది మరియ.

దుర్గవ్వ నమ్మినట్టు కనిపించలేదు.

మధ్యాహ్నం లోపలి హోటల్లోనే తిన్నారు. గుండ్రటి రొట్టె మీద ఉల్లిగడ్డ, జున్ను పరిచి కాల్చి ముక్కలు కోసి ఇచ్చారు. నెలంతా నియమమన్నవాళ్లు కూడా ఉల్లిగడ్డ ముక్కలు ఏరి పక్కన పెట్టి కానిచ్చారు. ఆ పిండి పిసికింది ఎవరు? జున్ను తురిమింది ఎవరు? వాళ్ల ఇంటిపేర్లేమిటి? ఒక్కరైనా అడిగారా? అడగలేదు. పట్నం గొప్పతనమే అది. అక్కడ వంటకు చేతులుండవు, వాసన ఉంటుంది!

దుర్గవ్వ మాత్రం ముట్టలేదు. గిలాసలో ఉడికిన మక్కలు తెచ్చిచ్చారు. నోట్లో పళ్లు లేని మనిషి, మక్కలేం నమలగలదు? బస్సులో ఒళ్లో పడ్డ ఉసిరికాయను చప్పరించి నీళ్లు తాగింది.

సాయంత్రం బస్సు తిరుగుముఖం పట్టింది. ఎగిరిన ఒళ్లు కదా, తూప్రాన్ దాటేసరికి అందరి కడుపుల్లో ఒకటే గోల. ఎవరి మోకాలు వాళ్లు పట్టుకుని, ఎవరి ఆకలి వాళ్లు దాచుకుని కూర్చున్నారు. వెనక సీటు కింది నుంచి చింతపండు పోపు వాసన మెల్లగా ముందు సీట్ల దాకా వచ్చింది. దాన్ని ఏ కాపలాదారూ ఆపలేదు. అందరూ పీల్చారు. ఎవరూ మాటెత్తలేదు. ఏసయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. మరియ కాలితో గంజును ఆనించి పట్టుకుంది, దొర్లకుండా.

భిక్నూర్ దగ్గర హైవే పక్క ధాబా ముందు హనుమాండ్లు బస్సు ఆపించాడు. పదండి, నా తరఫున పార్టీ అని చకచకా లోపలికి నడిచాడు. సగం మంది దిగారు. సగం మంది దిగాలా వద్దా అన్నట్టు నిలబడ్డారు. దుర్గవ్వ సీట్లోంచి కదల్లేదు. కార్తీకంలో హోటలు కూడు తనకు పనికిరాదంది. గొంతు నీరసంగా ఉంది. కళ్లు మూసుకుని కొంచెంసేపు సీటుకు ఆనుకుని, తర్వాత తల తిప్పింది.

"బిడ్డా, పొద్దటి సంది నా కాళ్లకు తగులుతున్నది. గా గంజుల ఏమున్నది?"

"పులిహోర, అవ్వ."

"ఎల్లిగడ్డ ఏసినవా?"

"మా ఇంట్లయితే ఏస్తం. మీకు కార్తీకమని ఎయ్యలే."

దుర్గవ్వ వంగి గంజు మీది తెల్లబట్ట కొస ఎత్తి చూసింది. ఆ కాసేపట్లో ఆమె మనసులో ఏమేం అడ్డం వచ్చాయో నేను చెప్పలేను. డెబ్బై ఏళ్ల అలవాట్లు, అత్త నేర్పినవి, అత్తకు ఆమె అత్త నేర్పినవి. వాటన్నిటినీ ఆ ముసలామె కూర్చున్న చోటనే దాటింది. ట్రాంపొలిన్ అవసరం పడలేదు.

"అయితే మొగన్ని పిలువు. పద్ధతి ప్రకారం ఆయననే గదా పెట్టాల్సింది" అంది.

మరియ పిలవడానికి లేచేలోపే ప్రేమ్‌సింగ్ వినేశాడు. "లే తమ్మీ, అవ్వ పిలుస్తున్నది" అని ఏసయ్య భుజం తట్టి, తానే గంజును దింపాడు. రాజయ్య ఉసిరి బకెట్టు పట్టుకుని పరుగున దిగాడు. కాయలన్నీ రాలిపోయి, ఆకులు వాడిపోయిన కొమ్మ. అయినా ఉసిరే కదా! ధాబా పక్క నీళ్ల తొట్టి దగ్గర నల్లని బండ ఉంది. పొద్దున పట్నంలో ఎగిరిన కొబ్బరికాయ ఆ బండ మీద ఒక్క దెబ్బకు రెండు చెక్కలైంది.

బండ పక్కనే విస్తర్లు పరిచారు. అన్నీ ఒకే వరుసలో. నీడ అయిపోయే చోటు అంటూ లేదు, ఆ కొమ్మకు అసలు నీడే లేదు. ఏసయ్య చేతులు కడుక్కుని, నడుం వంచి దుర్గవ్వ విస్తట్లో తొలిముద్ద పెట్టాడు. దుర్గవ్వ ముద్ద కళ్లకద్దుకుని నోట్లో పెట్టుకుంది. రెండో విస్తరి ప్రేమ్‌సింగ్‌ది. మూడోది రాజయ్యది. ఆ తర్వాత నిలబడ్డవాళ్లంతా ఒక్కొక్కరే మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ కూర్చున్నారు. ధాబాలోకి పోయినవాళ్లు కూడా చెప్పిన రొట్టెలు వద్దని చెప్పి వచ్చారు.

హనుమాండ్లు ఒక్కడే లోపల బల్ల ముందు మిగిలాడు. ముందు రొట్టె, పప్పు. దుర్గవ్వ బయటి నుంచే అడిగింది.

"హన్మాండ్లూ, ఆ రొట్టె చేసినాయన పేరేందిరా?"

హనుమాండ్లు వంటింటి వైపు చూశాడు. పొగ తప్ప ఏమీ కనిపించలేదు.

"తెల్వదమ్మా."

"ఈ పులిహోర చేసినామె పేరు మరియ" అని చెప్పి, ఆమె మళ్లీ తన విస్తరి వైపు తిరిగింది.

హనుమాండ్లు ఇంకొంచెంసేపు రొట్టెను చూశాడు. తర్వాత లేచి వచ్చి వరుస చివర కూర్చున్నాడు. ఆయన దాకా వచ్చేసరికి గంజు ఖాళీ. అడుగున మిగిలింది ఒక్క మనిషికి సరిపడా, అది వడ్డించినవాడి వాటా. ఏసయ్య మరియ వైపు చూశాడు. మరియ తలూపింది. గంజు వంచి, ఆ వాటా అంతా అధ్యక్షుడి విస్తట్లో వేశాడు. ఆయన మెతుకు మిగల్చకుండా తిని, ఉప్పు సరిపోయిందని అన్నాడు.

ఆ రాత్రి మా క్లబ్బు పూర్తి సభ్యుడు ఏసయ్య, ఆయన భార్య ధాబాలో రొట్టె తిన్నారు. ఎల్లిగడ్డ పచ్చడి వేయించుకుని మరీ.

ఇప్పుడు చెప్పండి, ట్రాంపొలిన్ వరం కాదా? పోచారానికి పోయి ఉంటే, కడుపు నిండి, బలం ఉండి, ఎవరి నియమం వాళ్లం పట్టుకుని కూర్చునేవాళ్లం. ఎగిరి ఎగిరి ఒళ్లు హూనమైతే గానీ మనం ఒక వరుసలో కూర్చోమని ఆ హాలు కట్టినవాడికి ఎట్లా తెలిసిందో! నా దేవుడికి మొక్కుకుని అడుగుతున్నాను. నియమం ఆకలి తీర్చడానికా, ఆకలితో ఉన్నవాణ్ణి కాస్త ఎడంగా కూర్చోబెట్టడానికా? ఆయన ఇంకా జవాబు చెప్పలేదు. దీపం మాత్రం రోజూ నిలకడగానే వెలుగుతోంది.

వచ్చే ఏటికి కొత్త సభ్యుడిగా బద్యా పేరు వచ్చింది. మహమ్మద్‌నగర్ వైపు తండావాడు, ఊళ్లో ట్రాక్టరు మెకానిక్కు. పేరు వచ్చిన మర్నాడే హనుమాండ్లుకు పాత జబ్బు తిరగబెట్టింది. ట్రాంపొలిన్ కూడా పాతబడిందని, ఈసారి విమానం ఎక్కి విందు చేసుకుందామని వాకబు చేస్తున్నాడు. విమానంలోకి గంజులు రానివ్వరట. నాకేమీ విచారం లేదు. ఇట్లా కొత్తవాళ్లు చేరుతూ పోతే పదేళ్లలో మా కామారెడ్డి క్లబ్బు చంద్రమండలం చేరడం ఖాయం!

ఈ సంగతి మరియ చెవిన వేశారు. ఆమె అప్పుడు బద్యా భార్యకు తన గంజు అరువిస్తూ, చాలదేమో, ఇంతకన్నా పెద్దది చూసుకొమ్మని చెబుతోంది.

"చంద్రమండలం పోనియ్యిండ్రి" అన్నదట. "తిరిగొచ్చేటప్పుడు భిక్నూర్ మీదికెల్లే గదా రావాలె."